రెండు వైర్ల జడ

"నా నీలం చొక్కా యాడ?"

శ్యాంసుందర్ ఎవరిని అడిగాడో ఇంట్లో ఎవరికీ తెలియలేదు. మంచం మీద సంచి నోరు తెరుచుకుని ఉంది. అందులో రెండు ప్యాంట్లు, ఒక దుప్పటి, గడ్డం గీసుకునే సామాను.

వంటింటి గడపలో కూర్చున్న పూర్ణిమ తలెత్తలేదు. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. తీసిన కాయనే మళ్ళీ తీస్తోంది.

"దండెం మీద ఉండాది నాయనా," అంది భారతమ్మ. "ఇంకా ఆరలే. తడి చొక్కా ఎట్లేసుకుంటావ్? ఆరినాక పోదువులే."

"తడిదే ఏసుకుంటా."

ఎనిమిది రోజుల తర్వాత కొడుకు ఇంటికొచ్చాడు. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు మొదటి బస్సుకు వచ్చాడు. వచ్చింది ఉండటానికి కాదు, బట్టలు తీసుకుపోవడానికి. భారతమ్మ పెట్టిన కాఫీ గ్లాసు కిటికీలో అట్లాగే ఉంది. దాని మీద మీగడ కట్టింది.

"ఆళ్లగడ్డలో ఏమంటాండారో తెల్సా?" అన్నాడు శ్యాంసుందర్, గోడతో చెప్పినట్టు. "మొగుడేసిన కేబుల్ పనికిరాదని పెండ్లామే రాసిందంట. టీ అంగట్లో నన్ను చూసి నవ్వుతాండారు."

"నేను రాసిందేముంది? మీటరు చూపించింది రాసినా," అంది పూర్ణిమ.

"మీటరుకు మొగుడున్నాడా?"

"లేడు. అందుకే దానికి అబద్ధం చెప్పే పని పడదు."

భారతమ్మ ఇద్దరి మధ్యా నిలబడి చీపురు పట్టుకుంది. ఊడ్చిన చోటే ఊడ్చింది.

ఆళ్లగడ్డ బయట పప్పుశనగ బస్తాలు దాచే కోల్డ్ స్టోరేజీ ఒకటి కొత్తగా కడుతున్నారు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మిషన్ గది దాకా రెండు వందల మీటర్ల కేబుల్ భూమిలో పరిచింది శ్యాంసుందర్. అది బాగుందో లేదో పరీక్ష చేయడానికి నంద్యాల టెస్టింగ్ యూనిట్ పంపింది పూర్ణిమను. ఆ పని చేసేవాళ్ళు యూనిట్లో ఇద్దరే. రెండో ఆయన ఆ వారం సెలవులో ఉన్నాడు. ఎనిమిది రోజుల కింద పూర్ణిమ, తీగల్లోంచి కరెంటు కారుతోందేమో కొలిచే మెగ్గర్ మీటరు పెట్టి చూసింది. కేబుల్ లోపలి మూడు తీగలూ, ఎరుపు, పసుపు, నీలం, మూడూ కరెంటును కారుస్తున్నాయని తేలింది. కేబుల్ మొత్తం తీసి మళ్ళీ వేయాలని రిపోర్టు రాసింది. ఆ రిపోర్టు ఈ సాయంత్రం నాలుగు గంటలకు ఓనరు చేతికి పోవాలి.

"కొస నుంచి కొస దాకా ఒక్క అతుకు లేదు దాంట్లో," అన్నాడు శ్యాంసుందర్. తడి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. "మా నాయన మీద ఆన. కొత్త కేబుల్. యాడ కారతాది?"

"నాకేం తెల్సు యాడ కారతాదో."

"తెలీకుండానే రాసేసినావా?"

పూర్ణిమ చిక్కుడుకాయ పక్కన పెట్టింది. ఇద్దరూ ఇక్కడి పాలిటెక్నిక్‌లో ఒకే బెంచీలో చదివినవాళ్ళు. మాటకు మాట అప్పుడే నేర్చుకున్నారు. ఇవాళ మాత్రం ఆమె చేట తీసుకుని లోపలికి పోయింది. అదే శ్యాంసుందర్‌కు ఎక్కువ గుచ్చుకుంది.

"నాలుగింటికి ఆ కాగితం పోనీ. పోయిందంటే నేనింక ఈ ఇంటికి రాను. ఆళ్లగడ్డ అంగడి మింద రూముంది. ఆడనే ఉంటా. అమ్మా, నువ్వు రావాలనుకుంటే రా."

"నేను యాడికి రావాల రా? సగం ఈడా, సగం ఆడా?"

సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. మంచు ఇంకా విడలేదు. వీధి మలుపు దాకా నీలం చొక్కా కనిపించింది, ఆ తర్వాత మంచే నీలంగా కనిపించింది.

భారతమ్మ గేటు పట్టుకుని చూస్తూనే ఉంది. ఎవరు వెళ్ళినా ఆమె కనుమరుగయ్యేదాకా చూస్తుంది. ఏడేళ్ళ వయసులో కోయిలకుంట్ల బస్టాండులో వాళ్ళమ్మ "ఇప్పుడే వస్తా, ఈడనే ఉండు" అని చెప్పి ఒక బస్సెక్కింది. ఆ పిల్ల వేరుశనక్కాయల అంగడి దగ్గర సాయంత్రం దాకా నిలబడింది. ఆ బస్సు వెనక అద్దం ఇప్పటికీ ఆమె కలల్లోకి వస్తుంది. అద్దం వెనక ముఖం మాత్రం ఉండదు.

"ఏం భారతక్కా, గేటు పడిపోతాదని పట్టుకున్నావా?" అని ఎదురింటి హమీదాబీ కేకేసింది. బిందె పట్టుకుని నవ్వుతోంది. "పొద్దున్నే నీ కొడుకు గొంతు మా గిన్నెలకు కూడా ఇనిపిచ్చినాది."

"పోయినాడు హమీదా."

"వస్తాడులే. మా ఆయన ముప్పై ఏండ్లలో నలభై సార్లు పోయినాడు. ఆకలైతే వస్తారు."

భారతమ్మకు నవ్వు రాలేదు.

చేతులు ఊరికే ఉంటే ఆమెకు భయం వేస్తుంది. లోపలికి వెళ్ళి పూర్ణిమ పని సంచి సర్దడం మొదలుపెట్టింది. అది రోజూ ఆమె చేసే పనే. కోడలు అలసిపోయి వస్తుంది. వైర్లు పాముల్లా పెనవేసుకుని ఉంటాయి. భారతమ్మ చిక్కు విప్పుతుంది, తుడుస్తుంది, చుట్టి పెడుతుంది.

ఈ నెల మొదట్లో ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. మీటరు ఎర్ర వైరు, నల్ల వైరు. వాటితో పాటు తన పాత నేత చీర అంచు చించి తీసిన పొడుగాటి పేలిక. మూడు పాయలు. కోడలి తల దువ్వినట్టే ఓపిగ్గా జడ అల్లింది. కొసలు మాత్రం జానెడు జానెడు విడిగా వదిలింది. ఇంక ఎన్నటికీ చిక్కుపడవు, ఒకటి పోయి ఒకటి మిగలదు. ఆ ఇంట్లో వెల్లుల్లి గడ్డలకూ జడే, సంచి తాళ్ళకూ జడే, మేకుకు వేలాడే తాళంచెవులకూ జడే.

మెగ్గర్ పెట్టెతో ఇంకొక వైరు కూడా వచ్చేది. ఆకుపచ్చది, పొట్టిది. జడలోకి అందలేదు. దాన్ని గూట్లో దారాల డబ్బాలో దాచింది.

సంచి అడుగున ఒక నోటు పుస్తకం తగిలింది. పాలిటెక్నిక్‌లో పూర్ణిమకు పని నేర్పిన సైదా సాహెబ్ సారు చేత్తో రాసి ఇచ్చింది. భారతమ్మ బడికి పోలేదు. బెల్లం చుట్టిచ్చిన కాగితాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకుంది. అక్షరం ఎక్కడ కనిపించినా చదవకుండా ఉండలేదు. కిటికీ దగ్గరకు వెళ్ళి పుస్తకం తెరిచింది.

"ఎర్ర వైరు, నల్ల వైరు ఒకదానికొకటి తగలకుండా ఎడంగా, గాలిలో ఉంచాలి. నేల మీద వేయరాదు. తడి, దుమ్ము, గుడ్డ వాటి దగ్గరికి రానివ్వరాదు. రెండూ అంటుకుని ఉంటే, వాటి మధ్య కారేది కూడా కేబులే కారుస్తోందని మీటరు చూపిస్తుంది."

ఆమె వేలు అక్కడ ఆగింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది.

"మూడో వైరు మరవద్దు. కేబుల్ కొసను పొడిగా తుడిచి, తీగ తొడుగు మీద సన్నని రాగి తీగ చుట్టి, దానికి ఆకుపచ్చ వైరు తగిలించాలి. పైపైన పాకేదంతా అందులోకి పోతుంది. లోపల ఉన్నదే మీటరుకు వస్తుంది."

కిటికీలో గ్లాసు, గ్లాసు మీద మీగడ, దాని అవతల మంచు, అన్నీ ఒకటే తెలుపుగా కలిసిపోయాయి. తాను నీళ్ళ అడుగు నుంచి చూస్తున్నట్టు అనిపించింది భారతమ్మకు.

చెప్పకపోతే కొడుకు రాడు. చెప్తే కోడలు తప్పు చేసిందని ఊరందరికీ తెలుస్తుంది. ఏదో ఒక వైపు మనిషి పోతుంది.

జడ చేతిలో పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది.

"పూర్ణీ. ఆ పొద్దు ఆళ్లగడ్డలో ఇట్లనే పెట్టినావా ఇది?"

పూర్ణిమ జడ వైపు చూసింది. అత్త చేతిలో తెరిచి ఉన్న పుస్తకం వైపు చూసింది. స్టవ్ మీద నీళ్ళు మరిగి మరిగి సగమయ్యాయి.

"ఇట్లనే పెట్టినా," అంది చివరికి.

"తెలిసేనా?"

"వైర్లు కలపగూడదని తెల్సు అత్తా. ఇండ్లల్లో ఫ్యాన్లకు, మోటార్లకు చూసేటప్పుడు అంత తేడా రాదు. అందుకని ఉండనిచ్చినా. మా హాస్టల్లో నా జడ నేనే ఏసుకుంటాంటి. వంకరగా ఉందని నవ్వేటోళ్ళు. నాకోసం కూసుని ఎవురూ ఏదీ అల్లలే. ఇది విప్పబుద్ధి కాలే."

"ఆ పొద్దు మంచు పడింది గదమే."

"పడింది." పూర్ణిమ పేలికను వేళ్ళ మధ్య నలిపింది. "నూలు గుడ్డ. తడి పీల్చింటాది." ఆమె ముఖంలో ఏదో మెల్లగా మారింది. "కేబుల్‌కు తగిలించక ముందు కొసలు గాల్లో పట్టుకుని ఒకసారి మీటరు చూడాల. అప్పుడే తెలిసిపోతాండె. ఆయన అవతలి కొసన నిలబడుకొని బేగి కానీ, బేగి కానీ అని ఫోన్లో అరుస్తాండాడు. చూడలే. ఆకుపచ్చ వైరు కోసం సంచంతా ఎతికినా. లేదు. లేకుండానే కానిచ్చినా."

"అది దారాల డబ్బాలో ఉండాది."

పూర్ణిమ నవ్విందో ఏడ్చిందో తెలియని శబ్దం చేసింది.

"ఇప్పుడెట్లమే? ఎవురికీ చెప్పగాకు. రిపోర్టు చించెయ్. ముసలిదానికి తెలీక చేసింది అను."

"పెట్టె నా చేతిలో ఉంటే తప్పు నాదే అత్తా. మళ్ళ పోయి చూస్తా. మంచిదని తేలితే, ముందు రాసింది తప్పని నేనే రాస్తా."

"రాస్తే?"

"ఇంక నా చేతికి పెట్టె ఇయ్యరు."

ఇద్దరూ గడపలో కూర్చుని జడ విప్పారు. విప్పింది పూర్ణిమ. కొస పట్టుకోవడం తప్ప భారతమ్మ చేతులు ఇంకేమీ చేయలేకపోయాయి. ఒక్కొక్క పేట విడిపోతుంటే వైర్లు వంకులు వంకులుగా కొంచెం లేచి ఆగుతున్నాయి, నిద్రలో ఒత్తిగిలినట్టు.

"ఇదేం చదువే మీది," అంది భారతమ్మ విసుగ్గా. "కలిపి పెడితే తప్పు చెప్తాదంట."

*

నంద్యాలలో పదకొండు గంటల బస్సు ఎక్కారు. ఒడిలో పెట్టె పెట్టుకుని పూర్ణిమ కిటికీ పక్కన కూర్చుంది. మంచు పలుచబడింది కానీ పోలేదు. పొలాలు తేలుతున్నట్టున్నాయి. పప్పుశనగ చేలలో మనుషులు నడుము దాకానే కనిపిస్తున్నారు.

ఆళ్లగడ్డ దగ్గరపడ్డాక రోడ్డు పక్కన శిల్పుల కొట్టాలు మొదలయ్యాయి. సగం చెక్కిన విగ్రహాలు తెల్లటి వెలుగులో వరుసగా నిలబడి ఉన్నాయి. కొన్నిటికి ముఖాలు లేవు. కొన్నిటికి ముఖాలు మాత్రమే ఉన్నాయి. ఉలి దెబ్బలు వినిపిస్తున్నాయి, కొట్టేవాళ్ళు కనిపించడం లేదు. ఆ ముఖం లేని రాళ్ళను భారతమ్మ తల తిప్పి మరీ చూసింది, కనుమరుగయ్యేదాకా.

కోల్డ్ స్టోరేజీ గేటులో శ్యాంసుందర్ ఎదురయ్యాడు. నీలం చొక్కా ఒంటి మీదే ఆరింది.

"ఏందీ, ఇద్దరూ వచ్చినారు? ఊరంతా చాటింపు ఏయాలనా?"

"నాదే తప్పు నాయనా," అంది భారతమ్మ, గేటు దాటకముందే. బస్సంతా కూడగట్టుకున్న మాటలన్నీ ఒకేసారి పడిపోయాయి. జడ, పేలిక, దారాల డబ్బా.

శ్యాంసుందర్ నోరు తెరిచాడు. "మెగ్గర్‌కు జడేసినావా?"

"ఏసినా."

"పూలు గూడా పెట్టకపోయినావా మ్మా?"

ఎనిమిది రోజుల తర్వాత అతను నవ్వాడు. పూర్ణిమ పెదవి కూడా కదిలింది. భారతమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. ఇంతే కదా, ఇంత చిన్నదే కదా అనుకుంది.

"అయితే సరిపాయె," అన్నాడు శ్యాంసుందర్. "మూడూ మంచివే అని రాయి. నాలుగింటికి ఇద్దాం. మళ్ళ చూసేదేముంది?"

"చూడకుండా ఎట్ల రాస్తా?"

"జడ వల్లనే అని తెలిసింది గదా."

"తెలీలే. అనుకున్నాం. చూస్తే తెలుస్తాది."

అతను నవ్వు ఆపాడు. ట్రాన్స్‌ఫార్మర్ వైపు చూశాడు, గోడ వైపు చూశాడు. "నువ్వు మారవు," అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటేనే బాగుండేదని భారతమ్మకు ఎందుకో అనిపించింది.

పూర్ణిమ పని మొదలుపెట్టింది. ముందు ప్యానెల్ ఆపి, తాళం వేసి, తాళంచెవి అత్త చేతికి ఇచ్చింది.

"ఇది నీ కొంగున కట్టుకో అత్తా. నేనడిగితే తప్ప ఎవురికీ ఇయ్యొద్దు. ఆ కుర్చీలో కూసో. వైర్లు ముట్టుకోవద్దు. జారి పడినా ఎత్తొద్దు."

"ఎత్తనులే."

"నీ చేతులు ఊరికే ఉండవు. ఒళ్ళో పెట్టుకో."

కేబుల్ కొసలు స్పిరిట్ గుడ్డతో తుడిచింది, పొడిగుడ్డతో మళ్ళీ తుడిచింది. తీగ తొడుగు మీద సన్నని రాగి తీగ మూడు చుట్లు చుట్టి, దానికి ఆకుపచ్చ వైరు తగిలించింది. రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఎడంగా వేసి, ఒకదాని మీదుగా ఎర్ర వైరు, ఇంకొకదాని మీదుగా నల్ల వైరు పోనిచ్చింది. రెండూ నేలకు తగల్లేదు, ఒకదానికొకటి తగల్లేదు. కేబుల్‌కు తగిలించే ముందు కొసలు గాలిలో ఉంచి మీటరు చూసింది. తల ఊపింది.

అవతలి కొస మిషన్ గదిలో ఉంది. అక్కడ తీగలు బయటికి ఉంటాయి. పరీక్ష జరిగేటప్పుడు ఎవరైనా ముట్టుకుంటే ప్రమాదం. కాపలాకు శ్యాంసుందర్ వెళ్ళాడు. సైదా సాహెబ్ సారు పెట్టిన కట్టు ఒకటుంది. మీటరు దగ్గరి మనిషి తానే నడిచి వెళ్ళి "అయిపోయింది" అని చెప్పేదాకా, అవతలి కొసన ఉన్న మనిషి కదలకూడదు. ఫోన్లో చెప్పిన మాట చాలదు. పెళ్ళికి ముందు కాలేజీ వర్క్‌షాపులో ఈ కట్టు అడ్డం పెట్టుకునే పూర్ణిమ అతన్ని గంటసేపు నిలబెట్టిందని ఒకప్పుడు ఇంట్లో నవ్వుకునేవాళ్ళు.

ప్రహరీ గోడ మధ్యలో మలుపు తిరుగుతుంది. మలుపు దాటాక శ్యాంసుందర్ కనిపించలేదు. కుర్చీ మీద పెట్టిన ఫోను స్పీకర్లో గొంతు మాత్రం వచ్చింది.

"ఉండా. కానీ."

"ఎరుపు," అంది పూర్ణిమ. బొత్తాం నొక్కింది.

అంకెలు లేచాయి. ఎంత పైకి లేస్తే తీగ అంత మంచిది. యాభై. మూడు వందలు. తొమ్మిది వందలు. నీళ్ళలోంచి బుడగలు పైకొచ్చినట్టు మెల్లగా పైకి, ఇంకా పైకి.

"ఎంత?"

"పద్దెనిమిది వందలు." పూర్ణిమ మీటరు మీదికి ఇంకా వంగింది. "ఆ పొద్దు మూడే చూపించినాది."

"చూసినావా! నేను చెప్పలే?"

భారతమ్మ ఒళ్ళో చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. కొడుకు గెలిచాడు. కోడలి పెట్టె పోయింది. సంతోషం ఎటు పెట్టాలో ఆమెకు తెలియలేదు.

పసుపు కూడా లేచింది. పదిహేడు వందలు.

"నీలం," అంది పూర్ణిమ.

అంకె రెండు దగ్గర నిలబడింది.

పూర్ణిమ ఎదురుచూసింది. ఒక నిమిషం అయింది. ఆపి, తీగలో మిగిలిన కరెంటు నేలలోకి దిగేదాకా ఆగి, కొస మళ్ళీ తుడిచింది. రాగి తీగ విప్పి మళ్ళీ చుట్టింది. ఎర్ర వైరును ఇంకా ఎడంగా జరిపింది. నొక్కింది.

రెండు.

"ఎంత?" అంది ఫోను.

పూర్ణిమ రెండు కుర్చీల మీది వైర్లనూ మళ్ళీ చూసింది.

"పూర్ణీ, ఎంత?"

"నీలం లేయలే."

ఫోన్లో గాలి శబ్దం వచ్చింది. దూరంగా ఎక్కడో ఉలి దెబ్బ, దాని తర్వాత ఇంకొకటి.

"వైర్లు ఎడంగానే ఉండాయా?"

"ఉండాయి."

"ఆకుపచ్చది?"

"పెట్టినా. శ్యాం, ఇది పైపైన పాకేది కాదు. లోపలే కారతాండాది."

ఫోన్లో మళ్ళీ గాలి శబ్దమే. అవతలి కొసన మనిషి ఉన్నాడా లేడా అని భారతమ్మకు భయం వేసింది. కుర్చీలోంచి సగం లేచింది. పూర్ణిమ చెయ్యెత్తి ఆమెను కూర్చోబెట్టింది.

"గోడ మలుపు కాడ ఒక అతుకుంది," అన్నాడు శ్యాంసుందర్.

పూర్ణిమ కళ్ళు మూసుకుంది.

"పూడ్చే పొద్దు జేసీబీ పన్ను తగిలి నీలం తీగ తెగింది. వానొస్తాండె. చెప్తే కేబుల్ మొత్తం మార్చమంటారు. గుడారం పట్ట కప్పుకుని నేనే అతికినా. బాగానే అతికినాననుకున్నా."

"పొద్దున నన్ను ఎంత మాటన్నావ్."

"అన్నా."

"మీ నాయన మీద ఆన పెట్టినావ్."

భారతమ్మ తాళంచెవి ఉన్న కొంగు పిడికిట్లో పట్టుకుంది. భర్త పోయి పదకొండేళ్ళు. పోయే రోజు ఆయన ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. ఇప్పుడు ఎవరో ఆయన్ను పేరు పెట్టి పిలిచి, అబద్ధానికి సాక్షిగా నిలబెట్టి, ఒంటరిగా వదిలేసి వచ్చినట్టు అనిపించింది.

పూర్ణిమ బొత్తాం వదిలింది. అంకెలు సున్నాకు జారేదాకా చూసింది. కొసలు నేలకు కలిపింది. ఒక్కొక్క వైరూ విడిగా చుట్టింది, ఎర్రది ఒక చుట్ట, నల్లది ఒక చుట్ట. పాత రిపోర్టు, పెన్ను చేతిలోకి తీసుకుంది.

"ఫోన్లో చెప్పగాకు," అన్నాడు శ్యాంసుందర్. "ఏం రాస్తావో నువ్వే వచ్చి చెప్పు. వచ్చేదాకా నేనీడి నుంచి కదలను."

"పోమ్మా," అంది భారతమ్మ. ఎవరి వైపు పొమ్మంటోందో ఆమెకే తెలియలేదు.

పూర్ణిమ గోడ వెంట నడిచింది. మధ్యాహ్నం వెలుగు పాలలా ఉంది. అడుగుల చప్పుడు లేదు. భారతమ్మ చూస్తూ ఉంది, ఎప్పుడూ చూసినట్టే. ఇంకో పది అడుగులు, ఇంకో ఐదు. మలుపు దాటితే ఈమె కూడా కనిపించదు.

పూర్ణిమ మలుపు దాటలేదు.

అక్కడ మట్టి కొంచెం కుంగి ఉంది. ఆమె దాని ముందు ఆగి, కూర్చుంది. అరచేయి ఆ మట్టి మీద పెట్టి చాలాసేపు అట్లాగే ఉంది. ముందుకు వెళ్తే అతను. వెనక్కి వస్తే గేటు, నంద్యాల బస్సు.

"పూర్ణీ, వస్తాండావా?" అంది కుర్చీ మీది ఫోను.

భారతమ్మ దాన్ని ముట్టుకోలేదు. చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

దూరాన, అతుకు పక్కనే కూర్చుని, పూర్ణిమ పాత రిపోర్టు మోకాలి మీద పరుచుకుంది. పెన్ను మూత తీసింది.